దీపానికి వీపు

చూపు ఇంటివైపు ఉన్న ప్రతివారికీ దాలయ్య వందనం. గట్టు మీద వాక్యం చెప్పేవాడు ఏ రోజు సంగతి ఆ రోజు రాయాలని పెద్దల ఏర్పాటు. నాకు చదువు చెప్పినవారెవరూ లేరు. మంచు పెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ అక్షరాలతోనే గ్రంథం మొదటినించి చివరిదాకా చదివాను. అక్షరాల్లో తప్పులుంటే పెట్టెలవి, మాటలో వేడి ఉంటే నాది.

మంచు దినం

పడవలు ఒంపులోంచి తిరిగొచ్చాయి.

ఒంపులోంచి పడవ రావడం మరిచిపోయిన పేరు గుర్తుకొచ్చినట్టు ఉంటుంది. మొదట తాడు కొస కనబడుతుంది. తరవాత ఎవరిదో నవ్వు వినబడుతుంది. ఆ నవ్వు చుట్టూ మెల్లగా పడవ తయారవుతుంది. రేవులో నిలబడ్డవాళ్లం ఊపిరి బిగబట్టి, నవ్వు ఎవరిదో పోల్చుకుంటాం.

పైకప్పు కింద బతికే మా గట్టు మీద నీటిచుక్క పుట్టదు. నీళ్లు కావాలంటే మంచు తేవాలి. మంచు తేవాలంటే ఒంపులోకి పోవాలి. పోయినవారు పోయినట్టే తిరిగి రారు. అక్కడ ముందూ వెనకా, కుడీ ఎడమా, నిన్నా నేడూ ఒకదాంట్లోకి ఒకటి వాలిపోతాయి. అందుకే దిగినవాళ్లని ఇంటికి పంపకుండా అద్దాల పాకకు తీసుకుపోతాం. పాక నడుమ ఇంటిదీపం వెలుగుతుంటుంది. దాని ఎదట నిలబెట్టి అద్దాల పని చేసే పైడమ్మ నాలుగు గుర్తులు చూస్తుంది: చూపు, కుడిచెయ్యి, నడినెత్తి, నాడి. పక్కకు పోయిన గుర్తుకు ఒక అద్దం నిలబెడుతుంది. మనిషి అందులో తనను చూసుకుంటాడు, తెల్లగా ఒక మెరుపు మెరుస్తుంది, అద్దంలో ఉన్నవాడు బయట ఉంటాడు. ఒక గుర్తు ఇల్లు చేరాక తరవాతి అద్దం దాన్ని కదపకూడదు. ఆ పనిలో నేర్పంతా అదే. ఎంత తిరగబడి వచ్చినవాడికైనా నాలుగద్దాలు దాటి పట్టలేదు.

ఈసారి మా గట్టు పెద్ద, సత్తెయ్య కొడుకు కన్నారావు గుండె కుడిపక్కన పెట్టుకుని దిగాడు. ఒక్క అద్దంతో పోయేదానికి ఎంత గోల!

"పైడప్పా, రెండ్రోజులు ఇలగే ఉంచీ. ఎడం సేత్తో పేకాడితే గెలుస్తన్నాను."

"అన్నం అరగదురా ఎదవా, నిలబడు" అని పైడమ్మ వాణ్ణి అద్దం ముందుకు తోసింది.

చివరికి నా ఇల్లాలు ముత్యాలు వచ్చింది. పెద్ద పడవకు చుక్కాని పట్టేది ఆమే. దీపం ఎదట నిలబడింది. దీపంవైపు తిన్నగా పోయే ఇంటి చూపుకూ ఆమె చూపుకూ మధ్య ఎడం ఎంతో పైడమ్మ కొలకర్ర పెట్టి చూసింది.

"సున్నా. సరిగ్గా ఇంటివైపే ఉన్నావు వదినా, ఎల్లి తొంగో."

నేను చేతులెత్తి కృతజ్ఞత వాక్యం అందుకున్నాను. "నీ ముఖము దీపమువైపు ఉండనిమ్ము, నీ వీపును చీకటి చూచుకొనును" అన్న మాట దగ్గర మొదలుపెట్టి, చీకటికి ఎన్ని కళ్లో చెబుతున్నాను.

"మావా, నీ వాక్యం అయిపోయేలోగా తెచ్చిన మంచు కరిగిపోద్ది" అంది ముత్యాలు. పాకంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె దీపం ముందునించి నడిచి వెళ్లింది. గోడ మీద వెలుగు చెదరలేదు. అది చూశాను. చూసి, అలసిన కళ్లు అనుకున్నాను.

పిండి దినం

ముత్యాలు పిండి కలుపుతోంది. ఎప్పటిలాగే మోకాలు మడిచి కూర్చుని, జుట్టు ముడి వదులై మెడ మీదికి జారి, అరచేత్తో నొక్కుతూ ఏదో కూనిరాగం. నేను తొట్టెలో చేపలకు మేత వేసి వచ్చి గడపలో నిలబడ్డాను. ఆమె చెయ్యి తీసింది. పిండి మీద వేళ్ల గుర్తులు లేవు.

మళ్లీ నొక్కింది. పిండి కొంచెం నిట్టూర్చినట్టు వొంగి, మళ్లీ నున్నగా లేచింది.

"పిండి బాగా నానలేదు మావా" అంది. అని నావైపు చూసింది. ఇద్దరం ఆ మాట నమ్మలేదు.

ఆమెను కిటికీ దగ్గరకు తీసుకుపోయాను. గట్టు పైకప్పులోంచి దిగే పగటి వెలుగు ఆమె భుజం మీద పడి, ఆగకుండా లోపలికి దిగింది. చాప మీద ఆమె నీడ నీళ్లలో కలిపిన పాలంత పలచగా ఉంది. చెయ్యి పట్టుకున్నాను. ఉంది. వెచ్చగానే ఉంది. కానీ దూరంగా ఎవరో పట్టుకున్న చెయ్యిని తలుచుకుంటున్నట్టు ఉంది.

"ఒంపులో ఏటి జరిగింది?"

"ఏటీ లేదు. తిరిగొచ్చేటప్పుడు ఒక్క గడియ అంతా తెల్లగా అయిపోనాది. సుక్కాని బరువు తెలీలేదు. బాగున్నాది మావా, అబద్ధం సెప్పను. నిద్దర పట్టే ముందర ఉంటాది సూడు, అలగ."

అద్దాలు తుడిచే దినం

పైడమ్మ పొద్దున్నే అద్దాలు బూడిదతో తుడుస్తుంటే పోయి చెప్పాను. ఆమె గుడ్డ పక్కన పెట్టింది.

"సున్నా వొచ్చింది గదా అయ్యగారూ. సున్నా వొస్తే ఎవలం మళ్లీ సూడం."

మా అందరికీ అలవాటైన తప్పు అది. కొలత సున్నా వస్తే తేడా లేదంటాం. మా కొలతలో మూడు దిక్కుల పొడుగు కలుపుతాం, కాలం పొడుగు తీసేస్తాం. దిక్కుల్లో పోయినంతా కాలంలోనూ పోతే రెండూ కొట్టుకుపోతాయి. తేడా ఉంటుంది, దానికి పొడుగుండదు. ఆ వాలును వెలుగు వాలు అంటారు, వెలుగు నడిచే దారి అదే కాబట్టి.

ముత్యాలును తీసుకొచ్చాం. పైడమ్మ చెయ్యవలసిన పనే చేసింది. అద్దాన్ని తేడాకు అడ్డంగా నిలబెట్టబోయింది. అద్దం నిలవలేదు. నిలబెట్టిన కొద్దీ మెల్లగా, ఎవరో నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు, ఆ తేడావైపే ఒరిగింది. మూడుసార్లు గాడిలో దించింది. మూడుసార్లూ అంతే. వెలుగు వాలుకు అడ్డంగా పెట్టిన అద్దం ఆ వాలులోనే పడుకుంటుందట. ముత్యాలు అందులోకి చూసింది. తనకు బదులు ఒట్టి తెలుపు కనబడింది.

పైడమ్మ అద్దం గాడిలోంచి తీసి గోడకు చేర్చింది. "మా మేనత్తకీ ఇలగే అయినాది. వారం రోజులు పల్చబడి పల్చబడి... మళ్లీ మంచు దినానికి లేదు."

ఆమె మేనత్త పేరు నాకు తెలుసు. గట్టు మీద అందరికీ తెలుసు. నూనె దినం నాడు మేము చదివే ధన్యుల పేర్లలో ఉంది.

నూనె దినం

దీపంలో నూనె పోసే రోజు. గ్రంథంలో నేను ఎక్కువసార్లు చెప్పిన వాక్యం ఈ రోజుదే. "వెలుగులోనికి పలుచబడినవారు ధన్యులు, వారి మీదనుండి నీడ బరువు తీసివేయబడెను." ఈ వాక్యం మీద నేను చెప్పినప్పుడల్లా ముసలివాళ్లు ఏడ్చేవారు, పిల్లలు పాక కప్పువైపు చూసేవారు.

ఈ పూట నేను పాకకు వెళ్లకముందే మనుషులు నా గడపలోకి వచ్చారు. కొందరు గడపకు నూనె రాశారు. ఒకామె ముత్యాలు పాదాలు ముట్టుకోబోయి, వేళ్లకు తగిలీ తగలక, ఆ చేతిని కళ్లకద్దుకుంది. సత్తెయ్య మెడలో తువ్వాలు తీసి నిలబడ్డాడు. మంచి మనిషి. ధర్మం తప్పని మనిషి.

"అదురుష్టవంతులు అయ్యగారూ. మా ఇళ్లల్లో ఎవులికీ ఈ బాగ్యం లేదు."

నేను పాకలో లేచి వాక్యం చెప్పాను. నా గొంతులో నిప్పు ఉంటుందని అంటారు. ఈ రోజు ఆ నిప్పు రాజేశాను, రాజేసినకొద్దీ రాజుకుంది. నీడ బరువు గురించి చెప్పాను. బరువు దింపుకునే రేవు గురించి చెప్పాను. జనం ఊగిపోయారు. వెనక వరసలో ముత్యాలు కూర్చుని ఉంది. ఆమె వెనక గోడకు తగిలించిన వలలు ఆమెలోంచి కనబడుతున్నాయి.

ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర నన్ను నిలబెట్టింది.

"బాగా సెప్పినావు."

"వాక్యం అది."

"ఆ దన్యత నాకొద్దు మావా."

"ఏటంటన్నావు?"

"నాకు సేపల పులుసు కావాల. వేడేడిగా, నోరు కాలిపోవాల. నాలుగు రోజులై నాలిక మీద ఏదీ ఆగడం లేదు. నువ్వు తిడితే సెవిలో పడీసి ఎల్లిపోతంది, కోపం కూడా రావడం లేదు. నీ మీద కోపం రాకపోతే నానెందుకు మరి?"

గ్రంథం చేతిలోనే ఉంది. తెరిచాను. "ముఖము దీపమువైపు" అన్నచోటే తెరుచుకుంది, ఎక్కువ తెరిచిన పుట అదే కదా. చదవలేదు. మూసి గూట్లో పెట్టాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఆమె తినకపోయినా ఆవిరి తగులుతుందని.

వలల దినం

రేవులో వలలు బాగుచేస్తూ కూర్చున్నాం, పైడమ్మా నేనూ. ముత్యాలు తాళ్లకుప్ప మీద, గాలికి ఎగిరిపోతుందేమోనని నా తువ్వాలు ఒక కొస ఆమె నడుముకు చుట్టి కూర్చోబెట్టాను. ఒక ఖాళీ పడవ కట్టు తెగి, గట్టుకు ఒరుసుకుంటూ పోతోంది. కన్నారావు తాడు పట్టుకుని లాగుతున్నాడు. లాగిన కొద్దీ అది గట్టువెంట పోతోంది తప్ప గట్టుకు రావడం లేదు.

"లాగకురా, తోక తిప్పరా!" అని అరిచింది ముత్యాలు. అరుపు మా దాకా గుసగుసలా వచ్చింది. "ఒరుసుకుపోయే పడవని లాగితే వొస్తాదేటి? తోక గట్టుకి సూపించీ. తిప్పీసి ఎనక్కి తెడ్డెయ్."

వాడు పడవను గిర్రున తిప్పాడు. దాని వెనుకభాగం గట్టుకు ఎదురైంది. ఒక్క తెడ్డుతో చేరింది.

ముత్యాలు ఆ పడవనే చూస్తూ ఉండిపోయింది.

"పైడీ. నన్నూ అలగ తిప్పలేవా?"

పైడమ్మ ఒళ్లో వల పక్కకు తోసింది. తడినేల మీద వేలితో రెండు గీతలు గీసింది. ఒకటి ఇంటి చూపు, ఒకటి ముత్యాలు చూపు. వాటి మధ్య తేడా గీసి, కొట్టేసింది. దానికి పొడుగు లేదు, అద్దం నిలవదు. తరవాత రెండు గీతలనీ ఒకదాని కొసకు ఒకటి చేర్చి కలిపింది. చాలాసేపు కూడికలు, తీసివేతలు.

"తేడాకి పొడుగు లేదు గాని, కలిపితే ఉన్నాది" అంది. "కలిపినదానికి అడ్డంగా అద్దం పెడితే నిలబడద్ది. కానీ అది వదిన్ని ఇంటికి తేదు. ఇంటికి సరిగ్గా ఎదురు తిప్పీస్తాది. దీపానికి వీపు. అప్పుడు ఇంటి సూపుకే అడ్డంగా రెండో అద్దం. అది తిన్నగా తెచ్చీస్తాది. రెండద్దాలు, అంతే."

నేను లేచి నిలబడ్డాను. "ఒద్దు."

"అయ్యగారూ..."

"దీపానికి వీపు చేసేది ఎవరు? శవం! శవాన్ని అలా నిలబెట్టి దీపం ఆర్పుతాం! ఇంటివైపు ఇంత దగ్గరగా ఉన్న మనిషిని పట్టుకుని, చచ్చినదానిలా చీకట్లోకి తిప్పమంటావా? మధ్యలో దీపం ఆరితే? అద్దం వెలుగు లేకుండా మెరుస్తుందా?"

నా అరుపుకు రేవులో వాళ్లు తిరిగి చూశారు. నేను చెప్పింది నిజం. మనిషి దీపానికి వీపు చేయగానే పెద్ద లేచి మూత తెస్తాడు. చనిపోయినవారి తరఫువాడు ఏడుపు వాక్యం చెబుతాడు. ఒక్కో మాటకీ జనం ఊఁ కొడతారు. అది ముగియగానే దీపం మీద మూత పడుతుంది. మళ్లీ పొద్దున వెలిగిస్తారు. అప్పటికి ముత్యాలు ఉండదు.

ముత్యాలు నా తువ్వాలు కొస పట్టుకుని లాగింది. లాగినట్టు చాలా ఆలస్యంగా తెలిసింది.

"మావా, ఏడుపు వాక్యం ఎవులు సెప్పాల?"

"నేను."

"నీ వాక్యం ఎప్పుడైనా ముగిసిందేటి?"

ఎంత పలచగా ఉన్నా ఆ వెక్కిరింపు మాత్రం పూర్తిగా ఆమెదే. నేను కూర్చున్నాను. గ్రంథంలో ఆ చోటు నాకు చూడకుండానే వచ్చు. "ఏడ్చువాని నోరు మూయవద్దు. అతని దుఃఖము తనంతట తాను ముగియువరకు దీపము ఆర్పవద్దు."

వాక్య దినం

పాక నిండిపోయింది. ధన్యురాలు చివరిసారి దీపం చూసుకోవడానికి వచ్చిందనుకున్నారు అందరూ. ముత్యాలు దీపం ఎదట నిలబడింది. పొగ చెట్టులా నిలబడినట్టు ఉంది. ఆమెలోంచి అవతలి గోడ పగుళ్లు లెక్కపెట్టవచ్చు.

పైడమ్మ మొదటి అద్దం రెండు చూపుల నడిమికి ఎదురుగా పాత గాడిలో దించింది. అద్దం నిలబడింది. ఒరగలేదు. ముత్యాలు అందులో తనను చూసుకుని, జుట్టు సర్దుకుంది. మెరుపు మెరిసింది.

ఆమె వీపు దీపంవైపు ఉంది.

ఎవరో కెవ్వుమన్నారు. వరసలన్నీ లేచాయి. సత్తెయ్య ముఖం తెల్లబడింది. కానీ ఆయన కాళ్లు ధర్మం ప్రకారమే నడిచాయి. మూలనుంచి ఇత్తడి మూత తెచ్చి దీపం పక్కన నిలబడ్డాడు.

"అయ్యగారూ," అన్నాడు మెల్లగా, "ఇది మీకు తెలిసే జరిగిందా?"

"తెలిసే జరిగింది. నేను ఆమె తరఫువాణ్ణి. ఏడుపు వాక్యం మొదలుపెడుతున్నాను. కూర్చోండి."

దీపానికి అవతల పైడమ్మ ఉలి తీసింది. రెండో అద్దం నిలవాల్సినచోట గాడి లేదు. దీపం గీతకు సరిగ్గా అడ్డంగా ఎవరూ ఎన్నడూ అద్దం పెట్టలేదు, ఎవరికీ అవసరం లేదనుకున్నారు. ముందే తవ్వితే అందరికీ తెలిసిపోయేది. రాతి చపటా మీద ఉలి దెబ్బ పడింది. నేను గొంతెత్తాను.

ముత్యాలు పుట్టిన దినం చెప్పాను. ఊఁ అన్నారు. ఆమె తల్లి పేరు చెప్పాను. ఊఁ. చుక్కాని పట్టిన మొదటి రోజు చెప్పాను. నా వాక్యం మధ్యలో లేచిపోయిన మొదటి మనిషి ఆమే అని చెప్పాను. లేచిపోతూ తడి తాడు నా కాళ్ల మీద పడేసిపోయిందని, ఆ తాడు తిరిగి ఇవ్వడానికి వెళ్లి పెళ్లి అడిగి వచ్చానని చెప్పాను. ఎవరో నవ్వబోయి ఊఁ అన్నారు. ఉలి ఠంగుమంటోంది.

"అయ్యిందా అయ్యగారూ?" అన్నాడు సత్తెయ్య.

"అవలేదు."

గ్రంథం అందుకున్నాను. ఒక్కో అధ్యాయానికీ ముత్యాలు ఏమనేదో చెప్పాను. వరద అధ్యాయం చెప్పినప్పుడు ఇంటి కప్పు కారుతోంది చూడమనేది. ఉపవాస అధ్యాయం రోజున చేపలు వేపేది. నా గొంతు బొంగురుపోయింది. వెలుగు ఆమె వీపులోంచి దూరి నా గుండె మీద పడుతోంది. ఆ వెలుగులో మాట్లాడుతుంటే నేను చెప్పడం లేదు, ఎక్కడో దూరంగా నది చెబుతోందనిపించింది. ఊఁలు తగ్గాయి. ముసలివాళ్లు కునుకుతున్నారు. ఒక మాటకు ఎవరూ ఊఁ అనలేదు. ఊఁ లేకపోతే వాక్యం ముగిసినట్టే. సత్తెయ్య మూత ఎత్తాడు.

"ఊఁ!" అని పాక అదిరేలా అరిచాడు కన్నారావు. "సెప్పండి అయ్యగారూ, తరవాతేటి?"

సత్తెయ్య కొడుకువైపు చూశాడు. మూత చేతిలోనే ఉంది. దించలేదు.

"తరవాత," అన్నాను, "ఆమె పులుసులో చింతపండు ఎక్కువేసేది. ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. ఆ పులుపుకి నాకు కన్నీళ్లొచ్చేవి. ఇవీ ఆ నీళ్లే. సోదరులారా, ఇవీ ఆ నీళ్లే!"

ఉలి ఆగింది. రెండో అద్దం గాడిలోకి దిగిన చప్పుడు. మెరుపు.

దీపం ముందు ఒక నీడ గోడ మీద నల్లగా, నిండుగా, జుట్టుముడితో సహా పడింది. పైడమ్మ పరుగున వచ్చి గుర్తులు చూసింది. చూపు ఇంటివైపు. కుడిచెయ్యి కుడిన. నడినెత్తి పైకి. నాడి నాడిలా. మిగతా మూడింటికీ అద్దం అక్కరలేకపోయింది, అవి చూపు వెంటే వచ్చేశాయి.

ముత్యాలు నావైపు చూసింది. నేను నోరు తెరిచి ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాను. చింతపండు గురించే.

"ఇంకా అవలేదేటి మావా?" అంది. "ఆకలేస్తంది."

మళ్లీ పిండి దినం

పిండి మీద అయిదు వేళ్లూ పడ్డాయి. ఆమె ఆ గుర్తులు చెరపకుండా ముద్దను కాసేపు పక్కన పెట్టింది. నేను చూడాలని కాబోలు.

సత్తెయ్య గడపలోకి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఏడుపు మొదలెట్టినాక ముగించాల గదా అయ్యగారూ. ముగిసినాక దీపం ఆర్పాల. దర్మం ఏటంటాది?"

"తనంతట తాను ముగియువరకు అంటుంది. నాది ముగియలేదు సత్తెయ్యా. రోజుకో మాట చెబుతాను. ఏ రోజు సంగతి ఆ రోజు రాసేచోటే అదీ రాస్తాను. నేను పోయాక ఈ గట్టు మీద వాక్యం చెప్పేవాడు అందుకుంటాడు. పాకలో పైడమ్మ తవ్విన గాడి పూడ్చవద్దని కూడా వచ్చే నూనె దినం చెబుతాను. ధన్యుల పేర్లు చదువుతాను. అందరివీ చదువుతాను. ఆ పేర్ల దగ్గర ఇకమీద నా గొంతు వేరుగా ఉంటుంది."

లోపల ముత్యాలు గిన్నెలు చప్పుడు చేస్తోంది, పొయ్యి మీద పులుసు కాగుతోంది. సత్తెయ్య ఆ వాసన పీల్చాడు.

"ఊఁ" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఈ రోజు మాట: ముత్యాలు చింతపండు మళ్లీ ఎక్కువేసింది, నా నోరు కాలింది. చదివినవారు ఊఁ అనండి.